లండన్ చర్చి గోడలు, అంకెలు వేసిన రాళ్లు: ఒక సవరణ, ఒక విన్నపం

సంపాదకులు గారికి,

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో వింత కట్టడాలను గురించి ఇటీవల వేసిన పేజీలో, లండన్‌లో ఉండిన ఒక ఆంగ్లికన్ (ఇంగ్లండు అధికార క్రైస్తవ సంఘానికి చెందిన) పారిష్ చర్చి అమెరికాకు తరలిపోయిన సంగతిని నాలుగైదు వాక్యాలలో ప్రచురించారు. ఇలాంటి విషయాలు తెలుగులో చదవడానికి దొరకడమే అరుదు కనుక ముందుగా కృతజ్ఞతలు. అయితే ఆ కొద్ది వాక్యాలలోనే రెండు తప్పులు దొర్లాయి. విన్‌స్టన్ చర్చిల్ 1946లో చేసిన పేరుమోసిన ఉపన్యాసానికి ఆ చర్చే వేదిక అయిందని, అందుకు ముచ్చటపడి అమెరికావారు దానిని ఉన్నదున్నట్టుగా తమ దేశానికి పట్టుకుపోయారని రాశారు. మొదటిది పూర్తిగా తప్పు. రెండవదానిలో కొంత నిజం ఉన్నా, ఆ నిజం 'ఉన్నదున్నట్టుగా' అన్న మాట దగ్గర ఆగిపోతుంది.

ఆ చర్చి పేరు సెయింట్ మేరీ ఆల్డర్‌మన్‌బరీ. లండన్ నడిబొడ్డున, గిల్డ్‌హాల్ అనే నగర సభాభవనానికి దగ్గరలో ఉండేది. 1946 మార్చి 5న చర్చిల్ మాట్లాడినది అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, ఫుల్టన్ అనే చిన్న పట్టణంలోని వెస్ట్‌మిన్‌స్టర్ కళాశాల వ్యాయామశాలలో. సోవియట్ పట్టులోని తూర్పు దేశాలను పడమటివాటి నుంచి వేరు చేస్తూ ఐరోపాకు అడ్డంగా ఇనుప తెర దిగిందన్న మాట లోకమంతటా పాకింది ఆ సభ నుంచే. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కూడా ఆ వేదిక మీద ఉన్నారు. ఆ రోజుకు సెయింట్ మేరీ చర్చి లండన్‌లోనే, బాంబులకు కాలి, ఐదేళ్లుగా వానకు తడుస్తూ నిలబడి ఉంది. ఉపన్యాసం జరిగిన చోట చర్చి లేదు, చర్చి ఉన్న చోట పైకప్పు లేదు. రెండింటికీ ముడి పడింది 1960లలో.

ఇంతమాత్రం సవరణకు ఒక పోస్టు కార్డు చాలు. నేను ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణం వేరు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కట్టడాలకు డ్రాయింగులు గీసి బతికినవాడిని కనుక, ఈ చర్చి కథలో మీ వ్యాసం వదిలేసిన భాగమే నాకు అసలు భాగంగా కనిపిస్తుంది. గోడను విప్పే ముందు ప్రతి రాయికీ అంకె వేసిన సంగతి అది. చర్చిల్ మీద నాకు ప్రత్యేకమైన అభిమానమేమీ లేదని కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆయన పేరు వినగానే 1943 నాటి బెంగాల్ కరువు గుర్తుకు వచ్చే తరం వాళ్ల ఒళ్లో పెరిగినవాడిని. ఆయన జ్ఞాపకార్థం అన్న ముక్కను పక్కన పెట్టి ఆ కట్టడాన్ని కట్టడంగా చూడమని పాఠకులను కోరుతున్నాను.

పారిష్ అన్న మాట గురించి ముందు కొంత చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు చర్చి అంటే సాధారణంగా ఆరాధనకు కూడే మందిరమే గుర్తుకు వస్తుంది. 1874లో కాకినాడలో దిగి మన వైపు వచ్చిన కెనడా బాప్టిస్టుల సంఘాలలో సభ్యత్వం మనిషిది. ఎక్కడ నివసించినా సంఘం మారనక్కరలేదు. ఇంగ్లండులో ఆంగ్లికన్ పారిష్ అలా కాదు. అది నేల మీద గీసిన సరిహద్దు. ఆ సరిహద్దు లోపల ఉన్న ప్రతి ఇల్లూ ఆ చర్చి కిందికే వస్తుంది. జ్ఞానస్నానం, పెళ్లి, పాతిపెట్టడం, ఒకప్పుడు బీదలకు పెట్టే తిండీ బట్టా కూడా పారిష్ లెక్కలోవే. ఈ మూడు సందర్భాలకూ రిజిస్టరు రాసి ఉంచాలని 1538లో అక్కడ రాజాజ్ఞ వెలువడింది. మన గ్రామ కరణం గారి లెక్కలను, గుడి మాన్యం దస్త్రాన్ని ఒక్కచోట కుట్టి ఆలోచిస్తే పారిష్ అంటే ఏమిటో కొంత అర్థమవుతుంది. కాబట్టి 'మాజీ పారిష్ చర్చి' అన్నప్పుడు పోయినది ప్రార్థన ఒక్కటే కాదు, ఒక పేట తనను తాను లెక్క రాసుకున్న చోటు కూడా పోయినట్టే. మన దేశంలో పరిస్థితి వేరు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ భారత సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు ఇక్కడి ఆంగ్లికన్ చర్చిలు మరికొన్ని శాఖలతో కలిసిపోయాయి. పేరు మారింది గాని మనుషులు అలాగే వచ్చారు, గంట అలాగే మోగింది. లండన్‌లో మొదట తరిగిపోయింది మనుషులే.

సెయింట్ మేరీ ప్రస్తావన 1181 నాటికే కాగితాల మీద ఉంది. అంటే అది పదిహేడో శతాబ్దపు చర్చి కాదు. పదిహేడో శతాబ్దంలో మళ్లీ కట్టిన చర్చి. ఆ పేటలో కాపురమున్న ఇద్దరు నటులు, జాన్ హెమింజెస్, హెన్రీ కాండెల్, ఈ చర్చి మనుషులే. ఇక్కడే పాతిపెట్టారు కూడా. షేక్స్‌పియర్‌తో కలిసి వేషాలు కట్టిన ఆ ఇద్దరూ, ఆయన పోయిన ఏడేళ్లకు 1623లో ఆయన నాటకాలు 36 కూర్చి ఒక పెద్ద పుస్తకంగా అచ్చు వేయించకపోతే, వాటిలో సుమారు సగం మనకు దక్కేవి కావు. మాక్బెత్ గాని, తుపాను (టెంపెస్ట్) నాటకం గాని అంతకు ముందు అచ్చు కాలేదు. మన కళాశాలలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు మాక్బెత్ పాఠం బట్టీ పట్టిన రోజులలో ఈ ఇద్దరి పేర్లూ మాకు ఎవరూ చెప్పలేదు. కవి మిల్టన్ రెండవ పెళ్లి 1656లో ఈ పారిష్ రిజిస్టరులోకే ఎక్కింది. 1685 నాటి తిరుగుబాటుదారులను వందల సంఖ్యలో ఉరికి పంపి అపకీర్తి మూటగట్టుకున్న న్యాయమూర్తి జెఫ్రీస్ ఎముకలు కూడా చివరికి ఈ చర్చిలోకే చేరాయి. ఒక పేట చర్చి అంటే మంచీ చెడూ చూడక అందరినీ తన నేలలో కలుపుకునేదే కదా.

1666 సెప్టెంబరులో లండన్‌ను తగలబెట్టిన మహాగ్నిలో 87 పారిష్ చర్చిలు కాలిపోయాయి. క్రిస్టఫర్ రెన్ అనే వాస్తుశిల్పి పర్యవేక్షణలో వాటిలో 51 మళ్లీ లేచాయి. తక్కిన పారిష్‌లను పక్క పారిష్‌లలో కలిపేశారు. సెయింట్ మేరీని 1670లలో పాత పునాదుల మీదనే, తెల్లని పోర్ట్‌లాండ్ రాయితో కట్టారు. రెన్ కట్టినవాటిలో ఇది గొప్పవాటి వరసలోది కాదు. సెయింట్ పాల్ కథీడ్రల్ గుమ్మటం చూసిన కన్నుకు ఇది ఒక చదరపు గోపురం, కమాను కిటికీలు గల సాదా గోడలు. నా ఉద్యోగ దృష్టితో చెప్పాలంటే ఈ సాదాతనమే తరువాతి కథను సాధ్యం చేసింది. విపరీతమైన చెక్కడాలున్న గోడను విప్పడం వేరు, చదరంగా దిద్దిన రాళ్లను వరసలు వరసలుగా పేర్చిన గోడను విప్పడం వేరు.

ఈ చర్చి చావుకు బాంబు ఒక్కటే కారణమని అనుకోవడం కూడా పొరపాటే. 1851లో లండన్ పాత నగరం పరిధిలో దాదాపు 1,28,000 మంది నివసించేవారు. రైళ్లు వచ్చి, జనం శివార్లకు తరలి, ఇళ్లున్న చోట బ్యాంకులూ గిడ్డంగులూ లేచాక 1901 నాటికి ఆ సంఖ్య 27,000కు, 1951 నాటికి దాదాపు 5,000కు పడిపోయింది. పగలు లక్షల మంది, రాత్రికి కావలివాళ్లు. ఆదివారం చర్చికి వచ్చేదెవరు? జనం లేని పారిష్‌లను కలిపివేసి మిగులు చర్చిలను తీసివేయడానికి వీలు కల్పిస్తూ 1860లోనే చట్టం చేశారు. మహాగ్ని తరువాత లేచిన రెన్ చర్చిలు కొన్ని ఆ చట్టం కింద, శాంతి కాలంలోనే, కూలిపోయాయి. సెయింట్ మేరీ ఆ గండం గడిచింది గాని, 1940 డిసెంబరు 29 రాత్రి జర్మన్ విమానాలు నిప్పు బాంబులు కురిపించినప్పుడు గడవలేదు. గిల్డ్‌హాల్ కప్పు, చుట్టుపక్కల మరికొన్ని రెన్ చర్చిలు అదే రాత్రి కాలాయి. సెయింట్ మేరీకి గోడలు, గోపురం బొందె మిగిలాయి.

యుద్ధం అయ్యాక ఏ చర్చిని మళ్లీ కట్టాలి, దేనిని వదలాలి అన్న లెక్క మొదలైంది. కొన్నింటిని కట్టారు. క్రైస్ట్ చర్చ్ గ్రేఫ్రయర్స్, సెయింట్ డన్‌స్టన్ ఇన్ ది ఈస్ట్ వంటివాటిని మొండి గోడలతోనే ఉంచి లోపల తోటలు వేశారు. సెయింట్ మేరీకి పారిష్ మనుషులు లేరు, కట్టడానికి డబ్బు పెట్టేవారు లేరు. వాడుకలో లేని చర్చిల గురించి ఒక క్రమపద్ధతిలో నిర్ణయించే చట్టం, వాటిలో మేలైనవాటిని కాపాడే నిధి ఇంగ్లండు ఆంగ్లికన్ సంఘానికి 1960ల చివరలో గాని రాలేదు. అప్పటికి ఈ గోడలు దేశం దాటిపోయాయి.

ఫుల్టన్ కళాశాలవారు చర్చిల్ ఉపన్యాసానికి గుర్తుగా ఏదైనా కట్టాలనుకుని, 1960ల మొదట్లో ఈ మొండి గోడల వైపు చూశారు. 1964లో ట్రూమన్ చేతుల మీదుగా అక్కడ నేల తవ్వారు. చర్చిల్ ఆ మరుసటి ఏడాది జనవరిలో మరణించారు. లండన్‌లో గోడలను విప్పుతూ సుమారు 7,000 రాళ్లను శుభ్రం చేసి, ఒక్కొక్కదానికీ దాని చోటును తెలిపే గుర్తు వేసి, ఓడకు ఎక్కించి, అమెరికా రేవు నుంచి రైలు మీద ఫుల్టన్‌కు చేర్చారు. దారిలో రాళ్ల వరస చెదిరిపోయింది. ఒకదానిని పోలిన ఒకటిగా ఉన్న అన్ని వేల రాళ్లు మైదానంలో కలగాపులగంగా పడి ఉన్నప్పుడు మేస్త్రీలను గట్టెక్కించినవి ఆ అంకెలే. 1969 మే నెలలో ఆ చర్చిని ప్రతిష్ఠించారు. కింద నేలమాళిగలో చర్చిల్ వస్తు ప్రదర్శనశాల ఏర్పాటు చేశారు.

అక్కడ లేచినది బయటి రాతి గోడ. లోపలి చెక్క పని, కప్పు, బల్లలు అన్నీ కొత్తవి, ఎందుకంటే పాతవి 1940లోనే బూడిద అయ్యాయి. లండన్‌లో మిగిలినది కూడా తక్కువేమీ కాదు. చర్చి ఉన్న స్థలాన్ని చిన్న తోటగా ఉంచారు. గోడలు నడిచిన జాడ, స్తంభాల పాదాలు నేల మీద కనిపిస్తాయట. ఆ ఇద్దరు నటుల జ్ఞాపకార్థం 1896లో నిలిపిన స్తంభం, దాని మీద షేక్స్‌పియర్ శిరస్సు అక్కడే ఉన్నాయి. కాబట్టి 'లండన్ చర్చిని అమెరికావారు పట్టుకుపోయారు' అన్నప్పుడు నా అభ్యంతరం ఏమిటంటే, పోయినది చర్చికి చొక్కా వంటిది. పారిష్ అంతకు ముందే పోయింది, నేల ఎక్కడికీ పోలేదు. అయినా ఆ చొక్కాను చిరగకుండా విప్పి, మడిచి, మళ్లీ తొడగగలిగారే, ఆ పనికి నేను దండం పెడతాను.

ఆ దండానికి వెనుక నా సొంత సిగ్గు ఒకటి ఉంది. నాగావళి ఒడ్డున ఉన్న మా స్వగ్రామంలో, సుమారు ఇరవై ఏళ్ల కిందట, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు రామమందిరం ముందున్న రాతి మండపాన్ని కొద్ది గజాలు వెనక్కి జరపవలసి వచ్చింది. నాలుగు వరసల స్తంభాలు, మీద బండలు, చుట్టూ అరుగు, అంతే. పెద్ద మేస్త్రీ తెలివైనవాడే. రాళ్లు దించే ముందు ఒక్కొక్కదాని ముఖం మీద సున్నంతో అంకెలు వేశాడు. డ్రాయింగు ఒకటి గీసి ఇవ్వమని నన్ను అడిగాడు కూడా. సెలవు మీద వెళ్లిన నేను, వచ్చేవారం చూద్దాంలే అన్నాను. టేపు నా సంచిలోనే ఉంది. మూడో రోజు వాయుగుండం పట్టి రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. వాన వెలిసేసరికి రాళ్ల మీద అంకె అన్నది లేదు. చివరికి మండపం లేచింది గాని, స్తంభం మీద వీధి వైపు చూడవలసిన సింహం గుడి గోడ వైపు చూస్తోంది. అమరని బండలు తొమ్మిదో పదో మిగిలిపోతే రేవులో బట్టలు ఉతుక్కోవడానికి వేశారు. ఊరికి వెళ్లినప్పుడల్లా రేవు దాకా వెళ్లి వాటిని లెక్కపెట్టడం నాకు అలవాటయింది.

రాతి పని తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. పాత కట్టుబడిలో ఒక రాయి ఇంకొక రాయిలా కనిపించినా, పక్క రాయికి, కింది రాయికి ఒరుసుకునేలా దాని అంచులు దిద్ది ఉంటాయి. చోటు మారితే వెంట్రుకంత సందు వస్తుంది, పై వరసకు వెళ్లేసరికి ఆ సందు వేలెడవుతుంది. అందుకే అంకెను బయటి ముఖం మీద కాదు, గోడలో దాగే అతుకు ముఖం మీద, వాన కడగని రంగుతో వేయాలి. వరసకు ఒక అక్షరం, వరసలో రాయికి ఒక అంకె. అదే గుర్తును కాగితం మీది డ్రాయింగులోనూ వేసి, ఆ కాగితం రెండు ప్రతులను రెండు చోట్ల ఉంచాలి. ఇందులో అమెరికా డబ్బు అవసరమయ్యే పని ఏదీ లేదు.

మనవాళ్లకు ఇది చేతకానిదీ కాదు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు నాగార్జునకొండ లోయలోని బౌద్ధ కట్టడాలు కొన్నింటిని విప్పి కొండ మీద మళ్లీ నిలిపారు. శ్రీశైలం జలాశయం ముంపులో పడనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని, చాళుక్యుల నాటిదాన్ని, రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి కట్టారు. అలంపురం వెళ్లి ఆ గుడి చుట్టూ నెమ్మదిగా తిరిగి చూశాను. అతుకులు వెతికే చెడ్డ బుద్ధి నాది. అయినా గోడ మళ్లీ కట్టినదన్న సంగతి కొత్తవాడికి తోచదు.

మా విజయనగరం ఊరి నుంచి ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. మన మూడవ విజయరామ గజపతి మహారాజుగారు 1860ల చివరలో లండన్ హైడ్ పార్కులో బాటసారుల కోసం ఒక తాగునీటి ఫౌంటెన్‌ను, గోథిక్ పద్ధతిలో, సొంత ఖర్చుతో కట్టించారు. సుమారు వంద ఏళ్లు నిలిచిన ఆ కట్టడాన్ని 1960లలో తొలగించారు. సెయింట్ మేరీ గోడల మీద అంకెలు వేస్తున్న కాలానికి ఇది అటూ ఇటూగా సరిపోతుంది. ఒకే నగరంలో, ఒకే దశాబ్దంలో, ఒక రాతి కట్టడానికి ఓడ ఎక్కే యోగం పట్టింది, విజయనగరం పేరు మోసిన రాతి కట్టడానికి పట్టలేదు. దూరాన ఉన్నవాళ్లను తప్పుపట్టడానికి నోరు రాదు. మన ఊళ్లోనే రాజుల కాలం నాటి మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో కూల్చినప్పుడు ఎంత గొడవ జరిగిందో మీ పాఠకులకు తెలుసు. ఆ రోజులలో నేను విన్న వాదనలన్నీ ఎవరు కూల్చారు, ఎవరి ఆజ్ఞ మీద కూల్చారు అన్నవే. ముందు కొలతలు తీశారా అని టీ దుకాణం దగ్గర నేను అడిగితే, మాస్టారూ, ఇప్పుడు ఆ లెక్కెందుకండీ అన్నారు.

కనుక మీకు రెండు విన్నపాలు. మొదటిది, చర్చిల్ ఉపన్యాసం కళాశాల వ్యాయామశాలలో జరిగిందని, ఫుల్టన్‌కు వెళ్లినవి 1940లో కాలగా మిగిలిన గోడల రాళ్లని, చర్చి స్థలం లండన్‌లో తోటగా ఉన్నదని అదే అనుబంధంలో ఒక సవరణ వేయండి. పోటీ పరీక్షలకు మీ పేజీలు కత్తిరించి దాచుకునే పిల్లలు మా వీధిలోనే ముగ్గురున్నారు. రెండవది, రోడ్ల వెడల్పుకో మరో పనికో తీసివేయబోయే పాత కట్టడం ఏదైనా, గుడి గాని, మసీదు గాని, చర్చి గాని, సత్రం గాని, కంటోన్మెంటులోని పాత బంగళా గాని, దాని గురించి మీ జిల్లా పేజీలో వార్త వేసేటప్పుడు కొలతలు తీశారా, రాళ్లకు అంకెలు వేశారా అన్న ప్రశ్న కూడా మీ విలేకరి చేత అడిగించండి. జవాబు లేదని వస్తే, ఆ రోజుకు నాకు ఒక కబురు చేయండి. టేపు, తూకపు గుండు, వానకు చెరగని ఎర్ర రంగు డబ్బా మా ఇంట్లో సిద్ధంగా ఉన్నాయి. నిచ్చెన పట్టుకోవడానికి మాత్రం ఒక మనిషి కావాలి.

ఇట్లు,
విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్,
కంటోన్మెంట్, విజయనగరం.